పాసైన అక్షరం ఊళ్లో ఏం చేస్తోంది?

సంపాదకులకు నమస్కారం.

పెద్దవాళ్లకు చదువు నేర్పే కేంద్ర పథకం ఉల్లాస్ కింద అక్షరాస్యత పరీక్ష జరిగిన ప్రతిసారీ పత్రికల్లో వచ్చే వార్త ఇంచుమించు ఒకటే. ఫలానా జిల్లాలో ఇన్ని వేల మంది రాశారు, ఇంత శాతం ఉత్తీర్ణులయ్యారు. పక్కన, మనవరాలి చెయ్యి పట్టుకుని పరీక్షకు వచ్చిన అవ్వ ఫొటో. ఫొటో బాగానే ఉంటుంది. ఏడాది తిరిగాక ఆ అవ్వ ఆ అక్షరాలతో ఏం చేస్తోందో అడిగిన వార్త మాత్రం కనబడదు. అడగడానికి పద్ధతులున్నాయి. అవి చదువుకున్నవాళ్ల చేతనే లెక్క చెప్పించే పద్ధతులు, పెద్ద ఖర్చూ కాదు. అయితే అవి ఎక్కడ దారి తప్పుతాయో తెలియకుండా చేస్తే చేయనట్టే. వయోజన విద్య మూల్యాంకనం పనిలో ఉన్నవాళ్లుగా ఆ సంగతులు రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది. మధ్యలో కత్తిరిస్తే పద్ధతి తెగిపోతుంది, వీలుంటే మొత్తం వేయండి.

ముందు పరీక్ష గురించి. ఉల్లాస్ అని పిలిచే నవ భారత సాక్షరతా కార్యక్రమం 2022–27 మధ్య ఐదేళ్లకు పెట్టుకున్నది. పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యుల కోసం. కాగితం మీద దానికి ఐదు భాగాలు: పునాది అక్షరాస్యత–లెక్కలు, జీవన నైపుణ్యాలు, వృత్తి నైపుణ్యాలు, ప్రాథమిక విద్య, నిరంతర విద్య. డబ్బు వ్యవహారాలు, ఫోను వాడకం, చట్టాల అవగాహన, ఆరోగ్యం వంటివన్నీ రెండో భాగంలో ఉన్నాయి. పరీక్ష మాత్రం 150 మార్కులకు: చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. అంటే ఐదింట్లో మొదటిదాన్ని మాత్రమే కొలుస్తుంది. అది అవసరమే, దాన్ని తీసెయ్యమని మేం అనడం లేదు. కానీ 95 శాతం దాటితే రాష్ట్రాన్ని సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్టు లెక్కగట్టొచ్చని కేంద్రం చెప్పాక, అధికారుల కళ్లన్నీ ఆ అంకె మీదే ఉన్నాయి. మిగతా నాలుగు భాగాలు ఏమయ్యాయో అడిగే తీరిక ఎవరికీ లేదు.

మార్కుల్లో పట్టుబడని ఫలితం ఎంత పెద్దదిగా ఉండొచ్చో తెలుగువాళ్లకు వేరేచోట వెతుక్కోవాల్సిన పని లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదివిన పాఠాల్లో తమ ఇళ్లలోని సారా గొడవ గురించినవీ ఉన్నాయి. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1992లో జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది సడలింది. నిషేధం మంచిచెడ్డలు ఇక్కడ మన విషయం కాదు. ఆ బడులకు ముందే ఒక ప్రశ్నపత్రం తయారుచేసి, చివర్లో దాంతోనే ఫలితం కొలిచి ఉంటే, అందులో సారా దుకాణానికి ఒక గడి ఉండేదా? ఏం మారబోతోందో పై నుంచి ముందుగా ఊహించి రాసుకున్న ఫారం, మారిన అసలు సంగతిని పట్టుకోలేదు. అందుకే ఏం కొలవాలో నేర్చుకున్నవాళ్లే చెప్పాలి, వాళ్లే కొలవాలి, ఆ కొలత అర్థమేమిటో కూడా వాళ్లే వాదించుకోవాలి. భాగస్వామ్య మూల్యాంకనమంటే మొత్తం మీద ఇంతే.

దీని పనిముట్లు కొత్తవేం కావు. 1980ల చివర్లో కర్ణాటకలో మైరాడా, గుజరాత్‌లో ఆగా ఖాన్ గ్రామీణ కార్యక్రమం వంటి సంస్థలు, బ్రిటన్ నుంచి వచ్చిన రాబర్ట్ చాంబర్స్ వంటివాళ్లు కలిసి పీఆర్ఏ (పార్టిసిపేటరీ రూరల్ అప్రైజల్, అంటే ఊరివాళ్లే తమ ఊరిని అంచనా వేసుకోవడం) అనే పద్ధతులను ఊళ్లలో తీర్చిదిద్దారు. మన దగ్గర ఆ మాట వినని మండలాఫీసు లేదు. చిక్కల్లా, అది తంతుగా మారిపోవడం. ముగ్గుపిండితో ఊరి పటం గీయిస్తారు, నలుగురు నిలబడి ఫొటో దిగుతారు, గంటన్నరలో జీపు వెళ్లిపోతుంది. పటం గాలికి పోతుంది. రిపోర్టులో మాత్రం ‘పీఆర్ఏ నిర్వహించడమైనది’ అని ఒక వాక్యం మిగులుతుంది.

సరిగ్గా చేయాలంటే ఒక ఊరికి ఇద్దరు మనుషులు, రెండు రోజులు చాలు. ఒకరు మాట్లాడించేవారు, ఒకరు రాసుకునేవారు. ఒక్కరే రెండూ చేయబోతే రెండూ చెడతాయి. సామాన్లు: రెండు కిలోల ముగ్గుపిండి, రెండు వందల చింతపిక్కలు, ఆరు చార్టులు, నాలుగు స్కెచ్ పెన్నులు, మూతకు చిల్లు పెట్టిన రెండు డబ్బాలు. వీటితో పాటు ఊళ్లో నిత్యం చేతికొచ్చే కాగితాలు కొన్ని. రేషన్ చీటీ, కరెంటు బిల్లు, పొదుపు సంఘం పాసుపుస్తకం, డబ్బు తీసే బ్యాంకు ఫారం, ఒక మందుబిళ్లల పట్టీ. ఈ కాగితాల సంగతి తర్వాత చెబుతాం.

ఊళ్లను ఎవరు ఎంచాలన్నది మొదటి గండం. మండల అధికారిని అడిగితే బాగా నడిచిన అక్షరాస్యత సెంటర్లే చూపిస్తారు. వాళ్ల తప్పు కాదు, ఎవరైనా అంతే చేస్తారు. ఫలితాలు బాగున్న ఊళ్లు, బాగాలేని ఊళ్లు, మధ్యలో మూతబడిన సెంటర్లు అని మూడు కుప్పలు చేసి, ఒక్కో కుప్పలోంచి అందరి ముందూ ఒక్కో చీటీ తీయాలి. మూడో కుప్పను వదిలేస్తే మిగతా పనంతా దండగ. సెంటర్ ఎందుకు మూతబడిందో తెలియని మూల్యాంకనం సగం కన్ను మూసుకుని చూసినట్టే.

రెండోది కాలం. పరీక్ష రాసిన నెలలోనే వెళితే అందరికీ అన్నీ గుర్తుంటాయి. వాడకపోతే అక్షరం మరుపున పడుతుంది, కొత్తగా నేర్చుకున్న పెద్దవాళ్లలో మరీ త్వరగా. అందుకని ఆర్నెల్లకు ఒకసారి, ఏడాదిన్నరకు మరోసారి వెళ్లాలి. ఏ నెలలో వెళ్తున్నామన్నదీ చూసుకోవాలి. ఉత్తరాంధ్ర నుంచి, పాలమూరు నుంచి, అనంతపురం నుంచి వలస పోయే కుటుంబాలు పండగలకు గానీ ఊరు చేరవు. సంక్రాంతికో దసరాకో అటూ ఇటూ వారం పెట్టుకుంటేనే వాళ్లు దొరుకుతారు. మిగతా నెలల్లో వెళితే ఊళ్లో ఉండగలిగినవాళ్ల మాటే ఊరి మాటగా రాసుకుని వస్తాం. ఏ వేళన్నది కూడా అంతే. పగలు పదకొండింటికి మీటింగంటే పనికి వెళ్లని ఇళ్లవాళ్లు వస్తారు. కూలివాళ్లకు వీలయ్యేది రాత్రి ఏడున్నర తర్వాతే, అదీ వంట ముగిశాక.

చోటు విషయంలో మొహమాటం పనికిరాదు. గుడి అరుగు మీదో, సచివాలయంలోనో, సర్పంచి ఇంటి పంచలోనో పెడితే ఎస్సీ కాలనీ నుంచి వచ్చినవాళ్లు చివర నిలబడతారు, అడిగినదానికి తలూపుతారు. కాలనీలోనే పెడితే అక్కడి ఆడవాళ్లు మాట్లాడతారు. అప్పుడు ఊరివాళ్లు రారు, వాళ్లతో వేరే కూర్చోవాలి. ఏజెన్సీలో ఇంకో మెలిక ఉంది. సవరో, కువియో, కోయో ఇంటి భాషైనవాళ్లు తెలుగులో చదువు నేర్చుకుని ఉంటారు. తెలుగులో అడిగితే తెలుగు బాగా వచ్చిన ఇద్దరే అందరి తరఫునా జవాబులు చెబుతారు. మాట్లాడించే మనిషికి ఆ భాష రాకపోతే ఆ ఊరు మానుకోవడమే నయం.

ఒక్కో జట్టులో ఎనిమిది నుంచి పన్నెండు మంది. అంతకు మించితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు సభకు వచ్చినట్టు కూర్చుంటారు. జట్లు మూడు: పరీక్ష పాసైనవాళ్లు, సెంటర్‌లో చేరి మానేసినవాళ్లు, అసలు చేరనివాళ్లు. వరస ముఖ్యం. మానేసినవాళ్లతోనే మొదలుపెట్టాలి. పాసైనవాళ్ల చార్టు గోడ మీద కనిపించాక వాళ్లు నోరు విప్పరు, ‘మాకు బుర్ర లేదు బాబూ’ అని తేల్చేస్తారు. ముందుగా కూర్చుంటే అసలు కారణాలు బయటికొస్తాయి. పంతులమ్మ తమ వీధికి వచ్చేది కాదనీ, కళ్లద్దాలు లేక అక్షరం అలికినట్టు కనిపించేదనీ, రాత్రి బయటికెళ్తే ఇంట్లో గొడవనీ. నలభై దాటినవాళ్ల సెంటర్‌లో కంటిచూపు పరీక్ష చేయించకుండా పాఠం మొదలుపెట్టడం ఎంత పెద్ద పొరపాటో ఏ హాజరు పట్టీలోనూ కనబడదు. ఇక్కడ ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

చదువు చెప్పిన వాలంటీరును ఈ సమావేశాల్లో కూర్చోబెట్టకూడదు. ఆ అమ్మాయి మీద ప్రేమతోనే అయినా అబద్ధం చెబుతారు. పొదుపు సంఘాల లెక్కలు చూసే వీఓఏ ఉన్నా అంతే. అప్పు మంజూరు ఆమె చేతిలో ఉందన్న భావన జనంలో ఉంది, నిజమైనా కాకపోయినా. ఇంకో భయం కూడా పోగొట్టాలి. ‘చదవడం రాదంటే పింఛను ఆపుతారా, వచ్చంటే రేషను కార్డు తీసేస్తారా?’ అనే అనుమానం ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. పేర్లు రాసుకోబోమని, ఏ పథకానికీ దీనికీ సంబంధం లేదని మొదటే చెప్పాలి. చెప్పాక నిజంగానే రాసుకోకూడదు. ఆధార్ నంబరు అడిగిన క్షణాన ఆట ముగిసినట్టే.

ఇక అసలు పని. మొదటి ప్రశ్న ఒక్కటే: ‘అమ్మా, చదువొచ్చిన మనిషి ఊళ్లో ఏమేం చేయగలగాలి?’ వాళ్లు చెప్పిందే కొలబద్ద. బస్సు బోర్డు, రేషన్ చీటీలో కిలోలు, సంఘం తీర్మానం చదివాకే సంతకం, పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు, ఫోన్లో పేరు చూసి కాల్ చేయడం, కూలి డబ్బు ఖాతాలో పడిందో లేదో చూసుకోవడం. ఇలా పది పన్నెండు వస్తాయి. ఆరింటికి తగ్గించమనాలి, ఏవి ఉంచాలో వాళ్లే తేల్చుకోవాలి. ఒక్కోదానికీ ఒక బొమ్మ వాళ్ల చేతనే నేల మీద గీయించాలి. ముగ్గుపిండి మన చేతిలో ఉంచుకుని మనమే గీసేస్తే త్వరగా అయిపోతుంది. తొందరపడితే చెడేది ఇక్కడే. చేతిలో పిండి ఉన్నవాళ్లదే మాట.

తర్వాత ఒక్కో బొమ్మ కింద రెండు గళ్లు. ఒకటి ‘వచ్చు’, ఒకటి ‘చేస్తున్నాం’. ‘మీలాంటి పది మందిలో ఎంతమందికి వచ్చు? ఎంతమంది నిజంగా చేస్తున్నారు?’ అని అడిగి ఒక్కో గడికి పది చింతపిక్కలు ఇవ్వాలి. చెప్పిన జవాబుకు సరిపడా గింజలు గడిలో పెడతారు, మిగిలినవి పక్కన. ఈ పది గింజల పద్ధతికి రవి జయకరన్ అనే ఆయన పేరు తెచ్చారు. మేం మాత్రం ఆ రెండు గళ్లూ లేకుండా ఎప్పుడూ వాడొద్దంటాం, ఎందుకంటే అసలు సంగతి ఆ రెంటి మధ్య తేడాలోనే ఉంటుంది.

ఒక మచ్చు చూడండి. బ్యాంకు ఫారం దగ్గర ‘వచ్చు’ గడిలో ఏడు గింజలు, ‘చేస్తున్నాం’లో రెండే ఉన్నాయనుకుందాం. పరీక్ష లెక్కలో ఇది విజయం. పై నుంచి వచ్చిన సర్వేవాళ్లయితే ‘ఆత్మవిశ్వాసం కొరవడింది’ అని రాసి, ఇంకో శిక్షణ సిఫారసు చేస్తారు. ‘ఈ ఐదు గింజలూ ఎక్కడ పోయాయమ్మా?’ అని అడిగి, ఊరుకుని వినాలి. ‘నింపడం వొచ్చు బాబూ, కౌంటర్ కాడ నిలబడి నెమ్మదిగా నింపితే ఎనకున్నోళ్లు ఊరుకోరు’ అంటుంది ఒకామె. ‘ఫారం ఇంగ్లీషులో ఉంటాది, మనకు నేర్పింది తెలుగు గదేటి’ అంటుంది మరొకామె. ‘మా వోడే తీసుకొస్తాడు, నాను బ్యాంకుకెళ్తే ఊరుకుంటాడేటి’ అని మూడో గొంతు. ఒక్క గడి దగ్గర మూడు వేర్వేరు జబ్బులు బయటపడ్డాయి. మొదటిదానికి బ్యాంకులో ఒక బల్ల, ఒక కుర్చీ చాలు. రెండోది తెలుగు ఫారం సంగతి. మూడోది సెంటర్ చేతిలో లేనిది, సంఘంలో మాట్లాడుకోవాల్సింది. ఈ మూడింట్లో ఒక్కటీ మళ్లీ అక్షరాలు దిద్దిస్తే నయమయ్యేది కాదు. రెండో మనిషి ఈ మాటలను అన్నవి అన్నట్టే రాసుకోవాలి. గింజల అంకె ఒక్కటే తెచ్చి మాటలు ఊళ్లో వదిలేసి వస్తే చేసిన పని సున్నా.

గింజల విషయంలో అధికారులూ, కొన్ని స్వచ్ఛంద సంస్థలూ చేసే పెద్ద తప్పు, ఊళ్ల గింజలన్నీ కూడి సగటు తీయడం. ఈ ఊరి ఏడు, ఆ ఊరి ఏడు ఒకటి కావు. పది మంది కలిసి వేసుకున్న అంచనా అది, మనుషుల లెక్క కాదు. కూడికకు పనికొచ్చే అంకె కావాలంటే వేరే మార్గం ఉంది. ఒక మనిషికి ఒక గింజ. రెండు డబ్బాలు గోడ వెనక పెట్టి, ఒకదాని మీద అవును బొమ్మ, ఇంకోదాని మీద కాదు బొమ్మ అతికించి, ఒక్కొక్కరినీ వెళ్లి వేసి రమ్మనాలి. ‘గత నెలలో సంఘం తీర్మానం చదివాకే సంతకం పెట్టారా?’ లాంటి సూటి ప్రశ్న ఒకటే అడగాలి. ఇక్కడ గింజ అంటే మనిషి కనుక, అదే ప్రశ్న, అదే పద్ధతి అన్ని చోట్లా పాటిస్తే మండలం మొత్తానికి కూడుకోవచ్చు. ఇంట్లో మగవాడి పెత్తనం, సెంటర్ టీచర్ తీరు వంటి నోటితో చెప్పలేని ప్రశ్నలకు కూడా ఈ డబ్బాలే దిక్కు.

చెప్పిన మాటకు చేతి పనితో ఒక తనిఖీ ఉండాలి. ఇందాక అన్న కాగితాలు దీనికే. పరీక్షలాగా వరస బల్లలు వేయకుండా, ఇష్టమైనవాళ్లు ఒక కాగితం తీసుకుని చదివి చెప్పమనాలి. రేషన్ చీటీ, పాసుపుస్తకం చాలామంది చదువుతారు. చిక్కు మందుబిళ్లల పట్టీ దగ్గర వస్తుంది. అక్కడ అంకెలు నాలుగు రకాలు: బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు నెల, ధర. అంకెలు వచ్చినా ఏది గడువో చెప్పే మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, అదీ పట్టీ కొనలో. సగం బిళ్లలు కత్తిరించి ఇచ్చిన పట్టీ మీదైతే ఆ కొనే ఉండదు. లెక్కల్లో 50కి 45 వచ్చిన మనిషి కూడా ఇక్కడ ఆగిపోతుంది. పాఠ్యపుస్తకంలో మందు పట్టీ బొమ్మ ఒకటి వేసి, ఇంగ్లీషులో ఆ రెండు మూడు మాటల ఆకారం గుర్తుపట్టడం నేర్పితే సరిపోయే పని ఇది. కానీ అలాంటి పాఠం లేదని ఎవరికి తెలియాలి, కూర్చుని చూస్తే తప్ప?

‘ఇదంతా సెంటర్ వల్లేనని ఎలా చెబుతారు?’ అని లెక్కలు తెలిసినవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఈ పదేళ్లలో ఊళ్లోకి స్మార్ట్‌ఫోను వచ్చింది, ఫోన్‌పే వచ్చింది, ఇంట్లో ఆడపిల్ల డిగ్రీ దాకా చదివింది, కరోనా వచ్చి పోయింది. మార్పు అంతటికీ సెంటర్ పేరు తగిలించడం మోసమే. అందుకని ఒక మార్పును నడిమధ్యన గీసి, దానికి కారణాలన్నీ చుట్టూ గీయించాలి. సెంటర్, పొదుపు సంఘం, కూతురు, ఫోను, ఉపాధి పని. పది గింజలిచ్చి ఏ కారణానికి ఎన్నో పంచమనాలి. ఇదే పని అసలు సెంటర్‌కు రానివాళ్ల చేత కూడా చేయించాలి. బస్సు బోర్డు సంగతిలో రానివాళ్లలో కూడా అంతే మార్పు కనిపిస్తే సెంటర్‌కు మార్కులు వేయకూడదు. తీర్మానం చదివి సంతకం పెట్టే అలవాటు సెంటర్‌కు వచ్చినవాళ్లలోనే ఉండి రానివాళ్లలో లేకపోతే, అప్పుడు కొంత ధైర్యంగా చెప్పొచ్చు. కొంతే. జిల్లాలో అక్షరాస్యత ఎంత శాతమన్న ప్రశ్నకు ఈ పద్ధతి జవాబివ్వదు, దానికి నమూనా సర్వేలే కావాలి. ఏ పని ఏ పనిముట్టుదో తెలియక రెంటినీ కలగాపులగం చేసేవాళ్లే ఈ పద్ధతికి చెడ్డపేరు తెస్తున్నారు.

మునుపు ఎలా ఉండేదో అడిగేటప్పుడు ‘మూడేళ్ల కిందట’ అంటే ఎవరికీ తట్టదు. తిత్లీ తుపానుకు ముందా తర్వాతా, లాక్‌డౌన్‌లోనా, మొన్నటి సర్పంచి ఎన్నికలప్పుడా అని అడిగితే పట్టుకుంటారు. అయినా జ్ఞాపకం ఇప్పటి మాటకు తగ్గట్టు వంగుతుంది. సెంటర్ మొదలైన మొదటి వారంలోనే ఈ చార్టు ఒకటి గీయించి సంఘం పెట్టెలో దాచితే ఆ బెడదే ఉండదు. ఖర్చు ఒక చార్టు.

‘సెంటర్‌కు వచ్చాక మీకు జరిగిన మార్పుల్లో అన్నిటికన్నా పెద్దదేది, ఎందుకు?’ అని ఒక్కొక్కరినీ అడిగి, వచ్చిన కథల్లోంచి ఒకటి జట్టు చేతనే ఎంపిక చేయించే పద్ధతి ఇంకొకటి ఉంది. 1990ల నడుమ బంగ్లాదేశ్‌లో రిక్ డేవిస్ దీన్ని తయారుచేశారు. ఊళ్లో ఎంచినది మండలానికి, అక్కడ ఎంచినది జిల్లాకు వెళ్తుంది. పై వాళ్లు ఏది ఎంచారో, ఎందుకు ఎంచారో కిందికి తిరిగి చెప్పాలి. మన దగ్గర ఆ చివరి ముక్క ఎగిరిపోతుంది. కథలు పైకి వెళ్తాయి, కరపత్రంలో అచ్చవుతాయి, అంతే. పైగా మంచి కథలే అడుగుతారు. చెడు మార్పు కూడా ఒకటి చెప్పమని అడగకపోతే ఇది ప్రచారం పనిగా మిగులుతుంది. చదువు నేర్చుకుందని సంఘం పుస్తకాల పనంతా జీతం లేకుండా నెత్తిన పడిన ఆడవాళ్లు ఉంటారు. అదీ ప్రభావమే.

రెండో రోజు రాత్రి, రాసుకున్నదంతా ఊరి ముందు చదవాలి. చదివేది మేం కాదు, సెంటర్‌లో నేర్చుకున్న ఆడవాళ్లే. అక్షరం కాస్త పెద్దగా, చిన్న వాక్యాల్లో రాస్తే సాగుతుంది. తడబడితే పక్కావిడ అందుకుంటుంది. ‘ఇలా అనలేదు మేము’ అని వెంటనే దిద్దేస్తారు కూడా, ఆ దిద్దుబాట్లు రిపోర్టులో ఉండాలి. చార్టులు ఊళ్లోనే వదిలి, ఫొటోలు మాత్రం తెచ్చుకోవాలి. ముఖాలు పడే ఫొటోలకు ముందు అడగాలి. బ్యాంకులో బల్ల వేయించడం వంటి పనులకు ఎవరు వెళ్లి అడగాలో, ఎన్నాళ్లలోనో ఆ రాత్రే ఒక కాగితం మీద పడాలి. అడిగి వెళ్లిపోయి మళ్లీ ముఖం చూపని బృందాలను ఊళ్లు చాలానే చూశాయి, రెండోసారి వెళ్లినవాళ్లకు టీ దొరుకుతుంది గానీ నిజం దొరకదు.

ఈ పనికి మనుషులెక్కడున్నారంటే, మన దగ్గరే ఉన్నారు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని 2006 నుంచి పద్ధతిగా నడిపి దేశానికి దారి చూపింది ఆంధ్రప్రదేశే. కూలి కుటుంబాల్లోంచి వచ్చిన చదువుకున్న యువతీయువకులు ఊళ్లోనే మకాం పెట్టి, మస్తర్లు (కూలీల హాజరు పట్టీలు) ఇంటింటికీ తీసుకెళ్లి సరిచూసి, గ్రామసభలో చదివి, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టించారు. ఆ అనుభవం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. వాళ్లకు జనంతో కూర్చోవడం నేర్పక్కర్లేదు, గింజల లెక్క నేర్పడానికి నాలుగు రోజులు పట్టొచ్చు. మొదట్లో మండలానికి మూడు ఊళ్లు చాలు. తేడా ఒకటి గుర్తుంచుకోవాలి. తనిఖీలో వెతికేది తప్పెవరిదని. ఇక్కడ ఆ ధోరణి వచ్చిందా, వాలంటీర్లు బెదిరిపోతారు. జీతం లేకుండా చదువు చెబుతున్నవాళ్లు వాళ్లు.

ప్రభుత్వాలను అడిగేది పెద్దదేం కాదు. పరీక్ష ఖర్చుతో పాటు ఈ రెండు రోజుల పనికీ వయోజన విద్య బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టండి. ఈ సమావేశాలకు వచ్చే కూలివాళ్లకు పని దినం పోకుండా చూడండి. ఫలితం ఏదైనా దాన్ని ఆ ఊరి గ్రామసభలో చదివించండి. అన్నిటికన్నా ముందు, పరీక్ష కాగానే పాత పేపర్ల కింద తూకానికి వెళ్లిపోతున్న సెంటర్ రిజిస్టర్లను కనీసం రెండేళ్లు దాచమని ఉత్తర్వివ్వండి. ఉల్లాస్ యాప్‌లో పరీక్ష రాసినవాళ్ల వివరాలు ఉంటాయి. చేరి మానేసినవాళ్ల పేర్లు, ఏ నెలలో మానేశారో ఆ రిజిస్టర్లలోనే ఉన్నాయి. అవి పోతే మొదట ఎవరితో కూర్చోవాలో వాళ్లే దొరకరు.

ఇట్లు,
వయోజన విద్య మూల్యాంకన కార్యకర్తలు,
విజయనగరం జిల్లా